సముద్రానికి వీపు పెట్టనివాళ్ళు

పోలయ్య ఎప్పుడు ఫోను చేసినా ముందు వలలో ఏం పడిందో చెప్పి, ఆ తర్వాతే అసలు సంగతికి వస్తాడు. ఈసారి చేపల ఊసే ఎత్తలేదు. "వదినా, స్టేడియానికి రంగులేస్తాండారు. నీలం రంగు. వచ్చే ఆదివారం కాకుండా ఆపై ఆదివారం తెరుస్తారంట. వదినను పిలవరా, పిలవరా అని అమ్మ పొద్దున్నుంచీ నా ప్రాణం తీస్తాంది," అన్నాడు. పోలయ్య మా మేనత్త శేషమ్మ కొడుకు. నాకన్నా చిన్నవాడు, ఇప్పటికీ వేటకు పోతాడు. ఫోను పెట్టేశాక లేచిన కుర్చీలో మళ్ళీ కూర్చోలేకపోయాను. పొయ్యి మీద పప్పు ఉన్న సంగతి కూడా మరిచి వంటింటికీ వసారాకీ మధ్య తిరిగాను. అరవై దాటి, బడిపంతులమ్మ ఉద్యోగం చాలించి పింఛను తీసుకుంటున్నదాన్ని, ఒక ఆటస్థలం తలుపులు తెరుస్తారంటే ఇంత గాభరా ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటే కాళ్ళు వింటాయా? ఎదురుచూడటం నాకు పుట్టుకతోనే చేతకాదు. మా ఇంట్లో ఆ విద్యంతా అత్త ఒక్కతే మూటగట్టుకుంది.

మా పాళెం సముద్రపు ఒడ్డు ఊరు. నేనుండే నెల్లూరులో బస్సెక్కి, దిగి, ఆటో పట్టుకొని, సరుగుడు తోపులు దాటుకొని పోవాలి. స్టేడియం అన్నానని పెద్ద పట్టణాల్లో ఉండేలాంటిది ఊహించుకుంటారేమో. ఒక వైపు మెట్ల గ్యాలరీ, నాలుగు మూలలా లైటు స్తంభాలు, చుట్టూ గోడ, నడుమ నీళ్ళు పెట్టి పెంచిన పచ్చగడ్డి. అంతకుమించి ఏమీ లేదు. కానీ 'కెరటాలు' అనే మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టినప్పటి నుంచీ ఉప్పు పర్ర, అంటే ఉప్పు తేలి గట్టిపడిన బీడు మీదే ఆడింది. కిందపడితే మోకాలి చర్మం అక్కడే వదిలి లేవాల్సిన నేల అది. నేను పోయేసరికి గేటుకు తాళం వేసి ఉంది. తాళంచెవి కాంట్రాక్టరు దగ్గరుంది, కాంట్రాక్టరు ఊళ్ళో లేడు. అయినా పొద్దు వాలేసరికి సగం ఊరు గేటు ముందే చేరింది. ఇనప రేకుల సందులో కన్ను పెట్టి వంతులవారీగా లోపలికి చూస్తున్నారు. తప్పెట కొట్టేవాళ్ళు ఇంకా మొదలుకాని ఆటకు దరువు సాధన చేస్తున్నారు. టీ అంగడి మస్తానయ్య గ్యాలరీకి వేయగా మిగిలిన నీలం రంగు అడిగి తెచ్చుకొని తన అంగడికి పూసుకున్నాడు. తలుపుకు చాలింది గానీ గోడకు చాలలేదు. అతను నన్ను చూసి సందు దగ్గరున్న వాళ్ళను పక్కకు జరిపాడు.

"చూడక్కా, గడ్డి చూడు. దాని మీద పడితే దెబ్బ తగలదంట. నాకిప్పుడు పడేదానికే ఆడాలని ఉండాది."

"ఈ వయసులో పడితే మళ్ళీ లేస్తావా మస్తానయ్యా?"

"లేవకపోతే ఏమక్కా, మెత్తగానే ఉంటాది కదా."

నేనూ కన్ను పెట్టి చూశాను. గడ్డి నిజంగానే కళ్ళకు చల్లగా ఉంది. కానీ నా చూపు గడ్డి మీద నిలవలేదు. గ్యాలరీ తూర్పు పక్కన కట్టారు, ఒకప్పుడు మా ఇసకదిబ్బ ఉన్నచోటనే. సముద్రపు గాలి ఆటగాళ్ళకు అడ్డం రాకుండా అట్లా కట్టామని ఇంజినీరు చెప్పాడట. గాలి మాట అటుంచి, మెట్ల మీద కూర్చున్న ప్రతి మనిషికీ పడమటి ఎండ కళ్ళలో కొడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఆ మెట్ల మీద ఆటకు ఎదురుగా కూర్చుంటే సముద్రానికి వీపు పెట్టినట్టే. అది గుర్తుకు రాగానే అత్త ఏమంటుందో వినాలని త్వరపడి ఇంటికి నడిచాను.

అత్త పందిరి కింద ముక్కాలి పీట మీద కూర్చొని ఎండు నెత్తళ్ళ తలలు గిల్లుతోంది. చేపను చూడకుండా, వేళ్ళతో తడిమి గిల్లుతోంది. ఆమెకు నీటికాసులు. నెల్లూరులో పెద్ద డాక్టరు చుక్కల మందు రాసిచ్చి, పోయిన చూపు ఇక రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని చెప్పాడు. పక్కలన్నీ చీకటి, నేరుగా చూసింది మాత్రమే కనబడుతుంది. నేను ఎదురుగా వచ్చి నిలబడేదాకా ఆమెకు తెలియలేదు.

"వచ్చినావా మే? కూర్చో. బువ్వ తిన్నావా?" అని, నా జవాబు కోసం ఆగకుండానే, "ఈసారి నేను ఆట చూస్తా. ఆటకి ఎదురుగా కూర్చొని చూస్తా. అందుకే నిన్ను పిలిపించినా," అంది.

నేను పీట దగ్గరికి జరిగి ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా అత్త క్లబ్బు ఆటకు రాని రోజు లేదు. కానీ ఆమె ఆటను చూసిన రోజు కూడా ఒక్కటి లేదు.

ఈ మాట అర్థం కావాలంటే ఆ దిబ్బను గురించి చెప్పాలి. దిబ్బకు తూర్పున సముద్రం, పడమట ఆట జరిగే పర్ర. మగవాళ్ళు, పిల్లలు పడమటి వాలులో కూర్చొని ఆట చూసేవాళ్ళు. తమ ఇంటి పడవ నీళ్ళ మీద ఉన్న ఆడవాళ్ళు మాత్రం దిబ్బ కొన మీద తూర్పుకు తిరిగి కూర్చునేవాళ్ళు. మా పాళెంలో అదొక కట్టుబాటు. ఇంటి మనుషులు నీళ్ళ మీద ఉండగా ఆ ఇంటి ఆడమనిషి ఒడ్డున కూర్చుంటే సముద్రానికి వీపు పెట్టకూడదు. పనిలో ఉంటే తప్పులేదు. వంట చేసుకోవచ్చు, చేపలు ఆరబోసుకోవచ్చు, నీళ్ళకు పోవచ్చు. వేడుకలో ఉంటే మాత్రం తప్పు. మనం ఇక్కడ నవ్వుతూ వీపు తిప్పితే అక్కడ గంగమ్మ కూడా మొహం తిప్పుకుంటుందని చెప్పేవాళ్ళు. పడవ అలలు దాటుకొని ఇసకను తాకేదాకా చూపు తీయకూడదు. మరి ఆటకు రావడం ఎందుకని మీరు అడగొచ్చు. రాకుండా ఎట్లా ఉంటారు? ఆడేది వాళ్ళ మొగుళ్ళు, కొడుకులు, మరుదులు. అందుకే ఒక్కొక్క ఆడమనిషికీ ఒక్కొక్క ఆడపిల్ల ఉండేది, ఆట చెప్పడానికి. అత్తకు నేను.

మా నాయన, తాత కలిసి పోయేది మధ్యాహ్నపు వేట. అన్నం తిని, తాత గడప దాటి, ఆకాశం వంక ఒకసారి చూసి తుపుక్కున ఉమ్మేవాడు. ఆ ఉమ్ము గాలికి ఏ పక్క పడిందో చూసుకొని కదిలేవాడు. పొద్దుగూకే వేళకు తిరిగొచ్చేవాళ్ళు. అమ్మ పొద్దున్నే గంప ఎత్తుకొని బస్సెక్కి మనుబోలు పోయేది. వీధి వీధీ తిరిగి చేపలమ్మి, చీకటిపడ్డాక కాళ్ళీడ్చుకుంటూ వచ్చేది. మరి మా నాయన పడవకు చూపు ఎవరిది? పక్కింట్లోనే కాపురముండే ఆయన చెల్లెలిది, అంటే మా అత్తది. అత్త మొగుడు అంకయ్య మామ వేరే పడవలో తెల్లవారుజామున పోయి పదిగంటలకల్లా వచ్చేసేవాడు. సాయంత్రం క్లబ్బులో గోలు కాసేవాడు. కాబట్టి సంగతి ఇదీ. మొగుడు దిబ్బకు ఒక పక్క గోలు కాస్తుంటే, పెళ్ళాం రెండో పక్కకు తిరిగి తన అన్న పడవ కోసం చూస్తూ కూర్చునేది. మామ చేతిలో బంతి పడటం ఊరంతా చూసింది, పక్క ఊళ్ళ వాళ్ళు చూశారు, ఒక్క అత్త తప్ప.

ఆ రోజుల వాసన ఇప్పటికీ నా ముక్కును వదల్లేదు. సరుగుడు ఆకు పొయ్యిలో చిటపటమంటూ మండే వాసన, ఆ పొగలో ఉడికే కానాగంత చేపల పులుసు వాసన, అన్నిటినీ మించి బంతి వాసన. తోలు బంతి ఉప్పునీటికి ఊరికే పగిలిపోతుందని మామ దానికి పడవ చెక్కలకు పూసినట్టే సొరచేప నూనె పట్టించేవాడు. కుట్లు ఊడితే వల అల్లే సూదితో, వల దారంతోనే కుట్టేవాడు. ఆ బంతిని తలతో కొట్టినవాడి పక్కన రెండు రోజులు ఎవరూ పడుకునేవాళ్ళు కాదు. నెల్లూరు నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు ముక్కు మూసుకొని ఆడేవాళ్ళు, ఓడిపోయాక తప్పంతా నూనె మీదికి తోసేవాళ్ళు. మాకు మాత్రం ఒక దర్జా ఉండేది. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ గోలుకు వల ఉండేది కాదు, రెండు కర్రలు పాతితే అదే గోలు. మాకేం తక్కువ? సరుగుడు గుంజలకు వెనక చక్కటి వల కట్టేవాళ్ళం. బంతి అందులో పడి సావిడాయి చేపలా కొట్టుకునేది.

అత్త వీపుకు నా వీపు ఆనించి కూర్చునేదాన్ని. ఆమె తూర్పుకు, నేను పడమటికి. ఆమెకు బొగాకు వేసుకునే అలవాటుంది, దవడ కదిలినప్పుడల్లా ఆ కదలిక నా వీపుకు తెలిసేది. "ఏమయిందే?" అనేది. నేను మొదలుపెట్టేదాన్ని. నాకు మొదటి నుంచీ తొందరే, బంతి కన్నా ముందు నా నోరు పరిగెత్తేది. ఎవరి దగ్గర ఉంది, ఎవడు అడ్డం వచ్చాడు, ఎవడు ఎవడి కాలు తొక్కాడు అని గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. అవతలి పాళెం వాళ్ళు మా గోలు మీదికి వస్తుంటే ఆమె వీపు రాయిలాగా బిగుసుకునేది. దవడ ఆగిపోయేది. "పట్టినాడత్తా!" అని నేను అరిస్తే అప్పుడు ఆ వీపు మెత్తబడేది. "ఎట్టా పట్టినాడే?" అని అడిగేది. ఎగిరి పట్టాడనో, పక్కకు దూకి పట్టాడనో, బంతిని పసిబిడ్డలాగా కడుపుకు హత్తుకున్నాడనో చెప్పేదాన్ని. మామ ఒట్టిగా నిలబడి పట్టిన బంతిని కూడా ఒక్కోసారి ఎగిరే పట్టించేదాన్ని. ఇంటికి పోయాక అత్త ఆయనకు వేడినీళ్ళు పెట్టి, "ఇయ్యాల అంత ఎత్తు ఎగిరినావంటనే, నడుం పట్టుకోలేదా?" అని అడిగితే, ఆ అమాయకుడు నా వంక చూసి మీసాల్లో నవ్వుకునేవాడు. అదిగో మన పడవ పసుపు జెండా, మా అన్నావాళ్ళు వస్తాండారు అంటూ ఆమె నడుమ నడుమ నాకు సముద్రాన్ని చెప్పేది. నేను వినిపించుకునేదాన్ని కాదు. నాయన తిరిగి రావడమనేది పొద్దు పొడవటం లాగా జరిగేదే అనుకునేదాన్ని. నాకు ఆటే లోకం.

ఇంకొక ముచ్చట కూడా చెప్పాలి. మామను జనం "అంకయ్యా! అంకయ్యా!" అని పేరుపెట్టి కేకలేసి ఉత్సాహపరిచేవాళ్ళు. అత్త నోట మాత్రం ఆ పేరు ఎవరూ వినలేదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని ఆ కాలపు ఆడవాళ్ళ నమ్మకం. రేషను కార్డు రాసేవాడు భర్త పేరు అడిగితే నన్ను ముందుకు నెట్టి "చెప్పవే" అనేది. మామ మంచాన పడి, ముసలితనంతో పోయి చాలా ఏళ్ళయింది. పోలయ్య తన కొడుక్కి తండ్రి పేరు పెట్టుకుంటే వాడిని కూడా ఆమె "చిన్నోడా" అనే పిలిచింది. ఆయుష్షు తీరిపోయినవాడికి ఇంకేం తగ్గుతుందత్తా అని ఒకసారి వేళాకోళం చేశాను. "నోటికి అలవాటు లేదు మే," అంది, అంతే.

ఆ చిన్నోడే ఇప్పుడు కెరటాల గోలుకీపరు. పందిరి కింద నెత్తళ్ళు గిల్లుతూ అత్త తన లెక్క నాకు విప్పి చెప్పింది. "మీ మామ ఎట్టా పట్టేవాడో నేను చూళ్ళేదు. అందరూ అంటారు, వీడు అచ్చం తాత మాదిరే పడతాడని. వీడు పడితే చూసినానంటే ఆయన్ని చూసినట్టే కదా. ఇప్పుడు వేట లేదు, పడవలన్నీ ఒడ్డునే ఉండాయి. వీపు తిప్పినా ఎవురికీ ఏమీ కాదు. కళ్ళు కూడా ఇంకా ఇంత మిగిలుండాయి." వేసవిలో రెండు నెలలు సముద్రం మీదికి పోకూడదని సర్కారు నిషేధం ఉంటుంది. ఆమె ఆ రెండు నెలల్లోనే తన ముచ్చట తీర్చుకోవాలని కూర్చుంది. నిషేధం ఉన్నప్పుడు పాత రోజుల్లో ఎందుకు చూడలేదని అడగకండి. అప్పట్లో నిషేధమూ లేదు, అది వచ్చేనాటికి మామ గోలు కాయడమూ లేదు. ఈ మధ్య నిషేధపు రోజుల్లో ఆటలు పెడదామంటే, పర్రను తవ్వి స్టేడియం కట్టడం మొదలుపెట్టారు. ఇన్నాళ్ళకు అన్నీ కలిసొచ్చాయి.

కలిసొచ్చాయనుకున్నాం. ఆదివారానికి ముందే కబురొచ్చింది. తెరవడానికి రావాల్సిన పెద్దమనిషికి వేరే పని తగిలిందట, రెండు వారాలు వాయిదా. నేను నెల్లూరుకు తిరిగి వచ్చేశాను గానీ నా ప్రాణం ఆ గేటు దగ్గరే ఉండిపోయింది. క్లబ్బు అభిమానులు వాట్సాప్‌లో ఒక గుంపు పెట్టుకుంటే పోలయ్య కొడుకు నన్ను కూడా అందులో చేర్చాడు. ఇక చూడండి. గడ్డి కోశారని ఒకడు, కోసిన గడ్డి ఫోటో పెట్టమని ఇంకొకడు. దీపాలు వెలిగించి చూశారని ఒకడు, ఒక దీపం వెలగలేదని మరొకడు. మస్తానయ్య రోజూ పొద్దున్నే గేటు తాళం ఫోటో తీసి పెట్టేవాడు. అదే తాళం, అదే గేటు. నేను రోజూ దాన్ని పెద్దది చేసి చూసేదాన్ని, తాళం ఏమైనా మారిందేమోనని. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాట్ట వెనకటికొకడు, నా పని అట్లా అయింది. అత్తకు ఫోను చేస్తే ఆమె నింపాదిగా, "తెరుస్తార్లే మే, యాడికి పోతాది," అనేది. ఆ నింపాది చూసి నాకు ఒళ్ళు మండేది. నిషేధం అయిపోతే పోలయ్య పడవ ఎక్కుతాడు, నువ్వు మళ్ళీ తూర్పుకు తిరుగుతావు, కళ్ళు చూస్తే రోజురోజుకూ తగ్గిపోతున్నాయి, నీకు కంగారు లేదా అని అరిచాను. "కంగారు పడితే పడవ తొందరగా వస్తాదా?" అంది.

రెండోసారి కూడా వాయిదా వేశారు. ఈసారి పెట్టిన ఆదివారం నిషేధం ఎత్తేసిన తర్వాతిది. ఆ కబురు చదివి ఫోను మంచం మీదికి విసిరికొట్టాను. మర్నాడే బస్సెక్కి ఊరికి పోయి, ఎవరో ఒకరిని కడిగిపారెయ్యాలని వేట కట్టుబాట్లు చూసే ఊరి పెద్దకాపు ఇంటికి నడిచాను. ఆ ఒక్కరోజు ఊరి పడవలన్నీ ఆపితే ఏమని అడిగాను. ఆయన మంచి మనిషి, నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. "రెండు నెలలుగా పిలకాయలకు కడుపునిండా పెట్టలేకుండా ఉండారమ్మా జనం. వేట మొదలైన నాలుగు దినాలే చేప బాగా పడేది. ఎవుర్ని ఆగమని చెప్పేది?" అన్నాడు. పోలయ్య తనకై తాను ఆగుతానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. "ఆట చూసేదానికి ఇంటి పడవ ఒడ్డున కట్టేసుకుంటామా? పోరా," అంది. మరి ఆమె బదులు కోడలు సముద్రం వంక చూడకూడదా అంటే, పోలయ్య భార్య నాయుడుపేట దగ్గర కంపెనీలో పనికి పోతుంది. ఆదివారమైనా షిఫ్టు తప్పదు. వెనకటికి మా అమ్మ గంపతో మనుబోలు పోయినట్టే ఈమె కంపెనీ బస్సెక్కి పోతుంది. కాలం మారిందంటారు. గంప పోయి టిఫిను డబ్బా వచ్చింది.

ఎట్టకేలకు ఆ ఆదివారం వచ్చింది. ఊరంతా నీలం చొక్కాలు. మస్తానయ్య నీలం లుంగీ ఎక్కడ సంపాదించాడో తెలియదు. తాళం తీసినప్పుడు గేటు ముందు పుట్టిన కేకకు తోపులోని కాకులన్నీ లేచాయి. జనం లోపలికి పరిగెత్తి, కూర్చోవడం మాని ముందు గడ్డిని చేత్తో తాకి చూశారు. ముసలివాళ్ళు చెప్పులు విడిచి దాని మీద నడిచారు. మస్తానయ్య అందరిముందూ వెల్లకిలా పడుకున్నాడు, పోలీసు వచ్చి లేపేదాకా లేవలేదు. ఆ తర్వాత ఉపన్యాసాలు మొదలై ఒక పట్టాన ముగియలేదు. నేను అత్త చెయ్యి పట్టుకొని మెట్లెక్కిస్తున్నాను. ఎక్కడ కూర్చుందామని నేనడగలేదు. ఆమె పైమెట్టు దాకా ఆగలేదు. అక్కడికి చేరి చూద్దును కదా, అప్పటికే ఏడెనిమిది మంది ఆడవాళ్ళు పైమెట్టు మీద తూర్పుకు తిరిగి, కమ్మీ పట్టుకొని కూర్చొని ఉన్నారు. కింద ముందు వరసలో మెత్తటి కుర్చీలు సగం ఖాళీ. దిబ్బను చదును చేసి సిమెంటు పోశారు గానీ, దిబ్బ మళ్ళీ అక్కడే మొలిచింది.

మధ్యాహ్నం నుంచీ గాలి ముదిరింది. సముద్రం మీద తెల్లటి నురగలు దూరం దాకా కనబడుతున్నాయి. పడవలు ఒక్కొక్కటే వచ్చి ఒడ్డెక్కుతున్నాయి, వచ్చిన పడవ ఇంటి ఆడమనిషి లేచి పడమటికి తిరిగి కూర్చుంటోంది. ఆట మొదలయ్యేసరికి పైమెట్టు మీద తూర్పుకు మిగిలింది అత్త ఒక్కతే. పసుపు జెండా కట్టిన పోలయ్య పడవ రాలేదు.

"చెప్పవే," అంది అత్త. నేను అలవాటు ప్రకారం ఆమె వీపుకు వీపు ఆనించి కూర్చున్నాను. చిన్నోడు గోలు దగ్గర చేతులకు తొడుగులు వేసుకొని గెంతుతున్నాడని చెప్పాను. నల్లగా, పొడుగ్గా ఉన్నాడు, మామలాగే కాస్త గూనిగా నిలబడ్డాడు. అదీ చెప్పాను. ఆ మాటతో ఆట చెప్పడం ఆపేశాను. చెప్పడం నాకు చేతకాని పని కాదు, బతుకంతా చెప్పడంతోనే గడిచింది. కానీ ఈమె ఎన్నేళ్ళు మా నాయన కోసం ఈ పక్కకు తిరిగి కూర్చుంది, నేను ఎన్నేళ్ళు ఆ పక్కకు తిరిగి ఆట అంతా నా కళ్ళలో పోసుకున్నాను అని తోచి, ఆమె వైపు సగం తిరిగాను.

"అత్తా, నువ్వు ఇటు తిరుగు. సముద్రం నేను చూస్తా."

"నువ్వా?"

"నేనే. మా నాయన పడవకి నువ్వు చూసినావు. నీ కొడుకు పడవకి నేను చూస్తా."

ఆమె కదల్లేదు. "నువ్వు ఒక్కచోట కుదురుగా కూర్చున్నదానివి కాదు మే. నీ చూపు నిలబడతాదా? ఎవుడో గోలు కొడితే తిరిగి చూస్తావు."

"తిప్పను. పడవ ఇసక తాకేదాకా తిప్పను. గంగమ్మ మీద ఆన."

ఆమె కమ్మీ వదిలింది. తర్వాత నా భుజం పట్టుకొని లేచింది. నేను తూర్పుకు జరిగాను, ఆమె పడమటికి కూర్చుంది. వీపులు మళ్ళీ ఆనుకున్నాయి. ఆమె వీపు చిన్నదైపోయింది, ఎముకలు తగులుతున్నాయి. "ఎండ కళ్ళలో కొడతాందే," అంది. చెయ్యి అడ్డం పెట్టుకోమన్నాను. "అబ్బ, ఎంత పచ్చగా ఉండాదే," అంది. ఆ తర్వాత ఆమె నాకు ఆట చెప్పడం మొదలుపెట్టింది. నేను చిన్నప్పుడు చెప్పిన మాటలే, అదే తొందరతో. "ఎర్రచొక్కా వోడు తీసుకున్నాడే. మనోడు అడ్డం పడినాడే. అయ్యో, కాలు తొక్కినాడు చూడు, వాడి చెయ్యి విరగ!" కాలు తొక్కినవాడి చెయ్యి ఎందుకు విరగాలో నాకు అర్థం కాలేదు గానీ నవ్వడానికి కూడా నేను కళ్ళు మూయలేదు. నీళ్ళ వంక చూడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అక్కడ ఏమీ జరగదు, నురగలో ప్రతి తెలుపూ పడవలాగే ఉంటుంది, కళ్ళు మండుతాయి. నా వెనక జనం లేస్తున్నారు, కూర్చుంటున్నారు, తప్పెటలు మోగుతున్నాయి. మెడ నరాలు లాగుతున్నాయి. ఇంత పనిని ఈమె ఎన్ని సాయంత్రాలు, బొగాకు నములుతూ, ఒక్క మాట అనకుండా చేసిందో అనుకుంటే సిగ్గుతో కూడిన ఆశ్చర్యం కలిగింది.

చాలాసేపటికి నీళ్ళ చివర ఒక పసుపు చుక్క. మునిగింది. మళ్ళీ లేచింది. జెండానే. "అత్తా, పసుపు జెండా! పోలయ్యే!" అని అరిచాను.

"ఉండు మే!" అని కసిరింది అత్త.

ఆమె వీపు రాయిలాగా బిగుసుకుంది. దవడ ఆగిపోయింది. జనం గొంతులన్నీ ఒక్కసారిగా పైకి లేచి, లేచినచోటే ఆగాయి. నా వీపుకు ఆనిన వీపు చటుక్కున లేచిపోయింది, వెనక చల్లగాలి తగిలింది. ఆ క్షణంలో నా తల మీదుగా, ఊరి కేకలన్నిటికీ ముందు, ఒక ముసలి గొంతు పగిలిపోతూ వినబడింది.

"అంకయ్యా!"

బతుకంతా నేనెరిగిన గొంతు అది. ఆ గొంతులో ఆ పేరు నేను వినడం అదే మొదలు. "పట్టినాడా అత్తా? ఎట్టా పట్టినాడు?" అని అడిగాను. జవాబు రాలేదు. ఏడుస్తోందో, నవ్వుతోందో, నిలబడి చేతులెత్తిందో నాకు తెలియదు. మస్తానయ్య ఎక్కడి నుంచో "అక్కా, చూడక్కా, ఇటు చూడు!" అని గొంతు చించుకుంటున్నాడు. పసుపు జెండా ఇంకా అలల అవతలే ఉంది. నేను తల తిప్పలేదు.